నాలుగు వేళ్ళు లోపలికి

“ఎన్ని వేళ్ళు లోపలికి తీసీసినావే?” అని అడిగాడు.

“నాలుగు” అన్నాను.

“అచ్ఛా. నేను మూడనుకున్నాను.”

మా ఆయనా నేనూ మాటాడుకున్న ఆఖరి మాటలివి. ఆసుపత్రిలో పొద్దుట చెంచాతో టీ పట్టాను. రెండు చెంచాలు తాగి, ఈ మాట అడిగి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నానికి మనిషి లేడు. మూడేళ్ళయింది. ఆయన అడిగింది తన పేంట్ల గురించి. నేను వాటి నడుములు విప్పి, కుట్టు లోపలికి తీసి బిగించిన సంగతి ఆయనకి తెలీదనే అప్పటిదాకా అనుకున్నాను.

ఇది నేను చెప్తుంటే రాస్తున్నది మా ఆడపడుచు, అంటే మా ఆయన చెల్లెలు. నాకు సంతకం పెట్టడం వచ్చు, స్టేషను బోర్డు మీద పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతకు మించి రాదు. ఆవిడ రైల్వే బడిలో తెలుగు చెప్పి, వయసు రాకముందే రిటైర్మెంటు తీసుకున్న మనిషి. ఇక్కడ బిలాస్‌పూర్‌లో మన తెలుగు సంఘం వాళ్ళు పాత రైల్వే కుటుంబాల ఆడవాళ్ళ చేత వాళ్ళ వాళ్ళ పనుల గురించి చెప్పించి పుస్తకం వేస్తారట. ఇవాళ బుధవారం కదా, పొద్దుటే ఊరికి ఆ చివరున్న సర్కండా నుంచి ఆటోలో తిఫ్రాలో మా ఇంటికొచ్చి, “వదినా, నీ కుట్టుపని గురించి నువ్వు చెప్పు, నేను రాస్తాను” అంది. అని, సంచీలోంచి ఆరు జాకెట్లు తీసి మంచం మీద పెట్టింది.

“ఇవి కూడా కాస్త టేకిన్ చేసిపెట్టు. అన్నీ లూజైపోయాయి.”

నేను జాకెట్లు ముట్టుకోలేదు. మేకుకి తగిలించిన కొలతల దారాల్లోంచి ఆవిడ దారం తీసి, “చెయ్యెత్తు” అన్నాను. ఛాతీ చుట్టూ వేసి చూస్తే పాత కొలత ముడికి ఇవతలే మూడు వేళ్ళ దారం మిగిలిపోయింది.

“ఏటే ఇది?”

“వయసు వదినా. సుగర్ రాకూడదని రాత్రి అన్నం మానీసాను.”

“డాక్టరుకి చూపించుకున్నావా?”

“జాకెట్టు లూజైతే టైలరు దగ్గరికెళ్తారు గానీ డాక్టరు దగ్గరికెవరెళ్తారు?” అని నవ్వింది. వాళ్ళన్నయ్య కూడా అచ్చం అలాగే నవ్వేవాడు, పెదవి ఒక పక్కకి లాగి.

ఆ నవ్వు చూసే పుస్తకానికి ఒప్పుకున్నాను. “నేను చెప్పిందల్లా రాయాల. మధ్యలో ఇదెందుకు అదెందుకు అనకూడదు. రాయడం అయ్యాక జాకెట్ల సంగతి చూద్దాం” అన్నాను. సరేనంది. ఆవిడ మొగుణ్ణి అడిగి లాభం లేదు. బేంకులో లెక్కలు చూసి చూసి అరిగిపోయిన కళ్ళు ఆయనవి, ఎదురుగా కూర్చున్న పెళ్ళాం చిక్కిందో ఒళ్ళు చేసిందో వాటికి ఆనదు. నవ్వకు, ఇది కూడా రాయి.

ముందు కుట్టుపని గురించి చెప్తాను, సంఘం వాళ్ళు అడిగింది అదే కాబట్టి.

నాకు టేపు మీద అంకెలు చూసి కొలవడం రాదు. నాకు మనిషికొక దారం. నడుముకొక ముడి, ఛాతీకొక ముడి, చేతి పొడుగుకొక ముడి. ఎవరి దారానికి వాళ్ళ చీర ముక్కో చొక్కా ముక్కో కట్టుంచుతాను, చూడగానే ఎవరిదో పోల్చుకోవాలి కదా. తేడా వస్తే వేలి వెడల్పు లెక్కన ఒక వేలు, రెండు వేళ్ళు అని చెప్తాను. పెళ్ళయి బిలాస్‌పూర్ వచ్చిన కొత్తలో మా క్వార్టరు వెనక లైనులో ఒక ఆంగ్లో ఇండియన్ ముసలావిడ ఉండేది, ఆవిడ నేర్పింది నాకు కుట్టు. ఆవిడకి తెలుగు రాదు, నాకప్పటికి హిందీ కూడా రాదు. గౌను పక్క కుట్టు విప్పి వదులు చేసి “లెటౌట్” అనేది. కుట్టు లోపలికి జరిపి బిగించి “టేకిన్” అనేది. ఇంగ్లీషులో నాకొచ్చిన చదువు ఆ రెండు మాటలే. కాలనీలో మన తెలుగువాళ్ళు, బెంగాలీలు, ఛత్తీస్‌గఢీ వాళ్ళు అందరూ ఆ రెండు మాటలతోనే నా గుమ్మం ఎక్కేవారు.

అందులోనూ ఎక్కువ లెటౌటే. బిగుతైపోయిందని వచ్చేవాళ్ళే గానీ వదులైపోయిందని వచ్చేవాళ్ళు తక్కువ. అందుకే జాకెట్టుకి పక్కల లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలి మూడు వరసల కుట్టు వేస్తాను. ఒళ్ళు చేసినప్పుడల్లా ఒక వరస విప్పుకుంటారు. పురిటికెళ్ళొచ్చిన పిల్లలు వచ్చి, “పిన్నీ, ఇంకొక వరస విప్పీవా” అని సిగ్గుపడుతూ అడుగుతుంటే నాకు ముచ్చటగా ఉండేది.

మా ఆయన గూడ్సు గార్డు. తెల్ల పేంటు, తెల్ల చొక్కా వేసుకుని బొగ్గు బండి ఆఖరి పెట్టెలో, బ్రేక్‌వేన్ అంటారు, అందులో కూర్చునే ఉద్యోగం. ఆ ఉద్యోగానికి తెల్లబట్టలు పెట్టినవాడెవడో నాకు తెలీదు గానీ, వాడు తన బట్టలు తనెప్పుడూ ఉతుక్కోలేదని మాత్రం చెప్పగలను. కోర్బా బొగ్గు గనుల లైను నుంచి వచ్చాడంటే కాలరంతా మసే. నానబెట్టి, బాది, నీలం పెట్టి ఆరేస్తే మర్నాటికి మళ్ళా పెళ్ళికొడుకు.

పెళ్ళినాటికి వెదురుబద్దలాగ ఉండేవాడు. మూడేళ్ళు తిరిగేసరికి పొట్ట వచ్చింది. ఆ పొట్టంటే ఆయనకి ఎంత గొప్పో చెప్పలేను. పేంటు బొత్తాం పట్టకపోతే సంబరంగా వచ్చి నా మిషను ముందు నిలబడేవాడు.

“మళ్ళా బిగుసుకుంది, చూడు.”

“లోపల గుడ్డ అయిపోయింది. ఇంక పక్కింటోళ్ళ పేంటు తెచ్చి అతుకెయ్యాల.”

“నీ వంట తగ్గించు మరి.”

“మీరు పళ్ళెం ముందు నుంచి లేవడం నేర్చుకోండి.”

“అబ్బే, అది డ్యూటీ కాదేటి. మధ్యలో లెగిస్తే రిపోర్టు రాసీస్తారు.”

బెల్టు పెట్టుకోవడం ఆయనకి నామోషీ. “బెల్టు రోగిష్టోళ్ళకి. పేంటు దానంతటది నడుం మీద నిలబడితే మనిషి బాగున్నట్టు” అనేవాడు. డ్యూటీకి సంతకం పెట్టే లాబీలో కూడా బెల్టు పెట్టుకున్న కుర్రగార్డులందరికీ ఈ మాటే చెప్పేవాడట. మొత్తం సర్వీసంతా ఆయన ఆరోగ్యానికి డాక్టరు నా కుట్టే.

మాకు పిల్లల్లేరు. మా అత్తగారు పోయినప్పుడు ఈ ఆడపడుచుకి పదేళ్ళు. మా దగ్గరికే తీసుకొచ్చాం. రెండు జడలు, ముక్కు చీదుకుంటూ రైలు దిగింది. ఆ గుంటే మా గుంట. బడి గౌన్లకి అడుగున జానెడు గుడ్డ మడిచి కుట్టేదాన్ని, ఏడాదికొకసారి మడత విప్పి పొడుగు దించేదాన్ని. పాత మడత ఉన్నచోట గీత పడిపోయేది. బడిలో పిల్లలు ఆ గీతలు లెక్కపెట్టి, “నీ గౌనుకి ఐదో క్లాసు, నీకు ఎనిమిదో క్లాసు” అని ఏడిపించారని ఒకరోజు గోలగోలగా ఏడుస్తూ వచ్చింది. మా ఆయన గోల్ బజార్ వెళ్ళి లేసు తెచ్చాడు, ఒక గీత మీద ఒక లేసు కుట్టీసాను. మర్నాడు సగం బడి పిల్లలు లేసు కావాలని ఇళ్ళల్లో పేచీ పెట్టారు.

“ఇది కూడా రాయాలా వదినా?” అంటోంది. రాయి. నీ గొప్పే కదా.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఆడపడుచా, పెన్ను గట్టిగా పట్టుకో.

మీ అన్నయ్య రిటైరవడానికి ఇంకా ఆరు నెలలుంది. ఆ వయసు గార్డులకి ఏడాదికొకసారి మెడికల్ ఉంటుంది. అది అప్పుడే పాసై వచ్చాడు, మళ్ళా వచ్చేలోపు రిటైరైపోతాడు. ఈ మధ్యలో మనిషి బాగులేడని ఎవరైనా అంటే ఆసుపత్రికి పంపిస్తారు. అక్కడేదైనా తేలితే బండి దింపీసి ఆఫీసులో కుర్చీ వేస్తారు. జీతం ఎక్కడికీ పోదు. కానీ లైను మీద తిరిగినవాడికి ఆ కుర్చీ ఎలాంటిదో రైల్వే ఇళ్ళలో ఉన్నవాళ్ళకే తెలుసు. ఆయన స్నేహితుడొకడు అలాగ దిగిపోయి, లాబీలో రిజిస్టరు ముందు కూర్చుని, వెళ్ళే బండినల్లా తలతిప్పి చూసేవాడు. అది చూసొచ్చిన రోజు మా ఆయన అన్నం తినలేదు. “నేను మాత్రం ఆఖరి రోజు కూడా బ్రేక్‌వేన్ లోంచే దిగాలే” అన్నాడు. ఆ మనిషి నన్ను ఏదైనా కోరాడంటే, జన్మలో అదొక్కటే.

ఒకరోజు డ్యూటీకి బయల్దేరుతూ పేంటు చేత్తో పైకి లాక్కున్నాడు.

“ఉతికి ఉతికి గుడ్డ సాగిపోయింది” అన్నాడు.

“అంతే, సాగిపోయింది” అన్నాను.

సాగలేదు. నాకు తెలుసు ఏ గుడ్డ సాగుతుందో, ఏది సాగదో. ఆయన రాయ్‌గఢ్ వెళ్ళాక మధ్యాహ్నం మిషను ముందు కూర్చుని, వెనక నడుం పట్టీ విప్పి, సీటు కుట్టు ఒక వేలు లోపలికి తీసాను. ఇంట్లో ఉన్న మూడు పేంట్లూ, ఆయన వచ్చాక ఒంటి మీదదీ ఒక్కలాగే తీసాను, ఒకటి బిగుతు ఒకటి వదులు అయితే పట్టీసుకుంటాడని. తిరిగొచ్చాక స్నానం చేసి, ఒకటి వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు.

“చూసావా, నిలబడింది. నేను బాగానే ఉన్నాను.”

“బాగులేకపోడానికి ఏటయింది మీకు?”

మూడు వారాలకి ఇంకొక వేలు. పళ్ళెంలో అన్నం సగం వదిలీసేవాడు, ఎండలకి ఆకలి లేదనేవాడు. ఎండలు పోయి వానలొచ్చాయి, వానలకి ఆకలి లేదన్నాడు. చొక్కా పక్కలు కూడా తీసాను. కాలరుని మాత్రం ఏం చెయ్యలేం, దాన్ని తీస్తే కుదరదు. పై బొత్తాం కాస్త జరిపి కుట్టాను. అప్పటికీ మెడ దగ్గర సందు కనబడేది. ఇంట్లో ఆయన దారం ఉంది, ఆయన నిద్దట్లో ఉండగా నడుముకి వేసి చూస్తే ముడికి ఇవతలే మూడు వేళ్ళు మిగిలింది. నేనేం చేసానో తెలుసా? పాత ముడి విప్పీసి, కొత్త చోట ముడి వేసి, మళ్ళా మేకుకి తగిలించీసాను. ఎవరో అడుగుతారని కాదు. నేనే చూడలేక.

డాక్టరుకి చూపించుకుందాం అని ఒక్కసారి అన్నాను. ఆయన పట్టీ దగ్గర వేలు పెట్టి చూపించాడు. వేలు దూరలేదు. “చూడు, ఎంత బిగుతుగా ఉందో. దీనికి డాక్టరెందుకు?” అన్నాడు. ఆ బిగుతు నేను కుట్టిందే. చెప్పీస్తే ఆసుపత్రి, ఆసుపత్రికెళ్తే కుర్చీ. ఇంకా మూడు నెలలే కదా, గబుక్కున అయిపోతాయి, అయ్యాక చెవి పట్టుకుని తీసుకెళ్తాను అనుకున్నాను.

వెనక సీటు కుట్టు తీస్తే ఒక చిక్కుంది. వెనక జేబులు రెండూ ఒకదానికొకటి దగ్గరకొచ్చీస్తాయి. నాలుగు వేళ్ళు తీసేసరికి ఆయన జేబులు రెండూ వెన్నుపూస మీద కలుసుకునేలాగున్నాయి. బండి టైములు రాసుకునే చిన్న డైరీ ఆయన ఎప్పుడూ కుడి వెనక జేబులో పెట్టుకునేవాడు. ఒకరోజు నేను టిఫిన్ డబ్బా కడుతున్నాను, ఆయన డైరీ పట్టుకుని చెయ్యి వెనక్కి పెట్టాడు. ముప్ఫయ్యేళ్ళుగా ఉన్నచోట జేబు లేదు. చెయ్యి అలాగే తడుముకుంది, మధ్యలోకెళ్ళింది, అక్కడ దొరికింది. కాసేపలాగే నిలబడ్డాడు. తర్వాత ఆ డైరీ తీసి చొక్కా జేబులో పెట్టుకుని, “ఎళ్ళొస్తానే” అని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి డైరీ చొక్కా జేబులోనే. ఎందుకు మార్చారని నేనడగలేదు. జేబు ఎందుకు జరిగిందని ఆయనా అడగలేదు. చెమటకి తడిసిపోతోందని మార్చుకున్నాడు గావాల అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆఖరి రోజు బ్రేక్‌వేన్ లోంచే దిగాడు. దండలేసారు, డప్పులు కొట్టారు. తెల్లబట్టలు ఒంటి మీద పోతపోసినట్టున్నాయి. నా పనితనం ఎప్పుడూ అంత బాగా కుదరలేదు. నువ్వు మిఠాయి డబ్బా పట్టుకుని పక్కన నిలబడి, “వదినా, అన్నయ్యకి మళ్ళా పెళ్ళి చేసీవచ్చు” అన్నావు. “చెయ్యి, పిల్లకి వంట రావాల” అన్నాడు ఆయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పదిహేను రోజులు తిరక్కుండా మంచం మీంచి లేవలేకపోయాడు. ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు, మనిషి ఎన్నాళ్ళనుంచి చిక్కుతున్నాడు అని. నన్ను చూసే అడిగాడు. నేను నోరు తెరిచేలోపు నువ్వు ఫోను తీసి, రిటైరైన రోజు ఫొటో చూపించి, “చూడండి డాక్టరుగారూ, పదిహేను రోజుల కిందట బట్టలు ఎలా సరిపోయాయో. మా అన్నయ్యకి ఏమీ లేదు, ఇది హఠాత్తుగా వచ్చింది” అన్నావు. డాక్టరు ఫొటో చూసి మళ్ళా నన్ను చూసాడు. నేను నేల వైపు చూసాను. “కడుపులో ఈ గడ్డ చాలా నెలల మాట. ముందే తెచ్చుంటే” అని ఆపీసాడు. ఆపీసిన ఆ సగం మాట నేను రోజూ వింటున్నాను.

రెండు నెలలున్నాడు. ఆ రెండు నెలల్లో ఒక్కసారైనా పేంట్ల మాట ఎత్తలేదు, ఆ పొద్దుట తప్ప. కోపంగా అడగలేదు. లూడో ఆడుతూ పందెం ఎవరు గెలిచారో అడిగినట్టు అడిగాడు. ఆయనకీ తెలుసు కాబట్టి తప్పులో సగం ఆయనదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఆయనకి బండి కావాల. ఆయన బండి దిగినప్పుడు ఆ మొహం చూడాలని నాకుండేది. సూది మాత్రం నా చేతిలోనే ఉంది.

మూడేళ్ళుగా నువ్వు తద్దినానికొచ్చిన వాళ్ళందరితో, “మా అన్నయ్య గుండ్రాయిలాగుండేవాడు, రెణ్ణెల్లల్లో అయిపోయింది” అని చెప్తున్నావు. నేను పక్కనే వడ్డిస్తూ వింటున్నాను. చెప్పలేదు. చెప్తే నువ్వు బుధవారం బుధవారం రావడం మానీస్తావని చెప్పలేదు. నాకు నువ్వు తప్ప ఈ ఊళ్ళో ఎవరున్నారు?

పెన్ను ఆపీసింది. కిటికీలోంచి బయట లారీల వైపు చూస్తోంది. పెన్ను ఆపీసినావని కూడా రాయి.

“ఆరు నెలలు వదినా” అంది.

“అవును.”

“నేను వారం వారం వచ్చి ఆయన ఎదురుగా కూర్చునేదాన్ని. మెడ చూసాను. వయసనుకున్నాను.”

“నీకు తెలీకూడదనే అంత నీటుగా కుట్టాను.”

“నాకైనా చెప్పుంటే నేను తీసుకెళ్ళేదాన్ని.”

“తీసుకెళ్ళేదానివి. అందుకే చెప్పలేదు.”

లోపలికెళ్ళి కుళాయి విప్పి మొహం కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. నేను లేవలేదు. వెళ్ళిపోతుందేమో, సంచీ తీసుకుంటుందేమో అని మంచం వైపే చూస్తూ కూర్చున్నాను. వచ్చింది. సంచీ ముట్టుకోలేదు. కూర్చుని మళ్ళా పెన్ను తీసింది.

“జాకెట్ల సంగతి చెప్పు” అంది.

“వాటికి సూది పెట్టను.”

“గోల్ బజార్‌లో బోల్డుమంది టైలర్లున్నారు.”

“ఉన్నారు. నీకు పదేళ్ళప్పటి నుంచి ఎక్కడ ఎంత ఉండేదో వాళ్ళకి తెలీదు. వాళ్ళు అడక్కుండా తీసిచ్చీస్తారు, నువ్వు వేసుకుని బాగానే ఉన్నాను అనుకుంటావు.”

కాయితం తిప్పి కొత్త పేజీ మొదలుపెట్టింది.

“రేపు పొద్దుట నేనే సర్కండా వస్తాను. ఇద్దరం ఆటోలో ఆసుపత్రికెళ్దాం. నామీద కోపముంటే దారంతా మాటాడకు, నేనేటీ అనుకోను. డాక్టరు ఎన్నాళ్ళనుంచి అని అడిగితే మాత్రం నేను చెప్తాను. మూడు వేళ్ళు అని చెప్తాను.”

“డాక్టరుకి వేళ్ళ లెక్క అర్థం కాదు వదినా.”

“అయితే నువ్వు టేపు పెట్టి చెప్పు.”

“అక్కడేమీ తేలకపోతే?”

“ఆరు జాకెట్లూ ఒక్క పూటలో బిగించి ఇస్తాను. అన్నం మానీసినందుకు పక్కన కూర్చోబెట్టి తిట్టి తినిపిస్తాను.”

వస్తానని అనలేదు, రాననీ అనలేదు. తల వంచుకుని ఇదంతా రాస్తోంది, నాకు పెన్ను చప్పుడు వినబడుతోంది. సంఘం వాళ్ళు దీన్ని అచ్చు వేస్తారో మానేస్తారో వాళ్ళిష్టం. కుట్టుపని గురించి అడిగారు, నాకు తెలిసిన కుట్టుపని ఇదే.

ఇంక నాకు చెప్పడానికేమీ లేదమ్మా. నేనన్నది అన్నట్టే రాసావో, మీ అన్నయ్య మీద, నామీద జాలిపడి ఎక్కడైనా మెత్తగా మార్చీసినావో నాకెలా తెలుస్తుంది, చదువు రానిదాన్ని. కళ్ళజోడు తుడుచుకో. మంచినీళ్ళు తాగు. తాగి, మొదటి నుంచి ఒక్క ముక్క వదలకుండా పైకి చదువు. నీ నోటితో వినాలని ఉంది నాకు.